గేటుకు రేకు కట్టిన రోజు

ఎదురెదురు ఇళ్లలో కాపురం ఉంటూ మూడేళ్లుగా పలకరింపు లేని అన్నదమ్ములు వాళ్లు. ఆ పొద్దున తమ్ముడు ఖాళీ నూనె డబ్బాలు గేటు దగ్గర కుప్ప పోసుకుని, కత్తిరించి, సుత్తితో సాపు చేయడానికి కూర్చున్నాడు.

గేటు పాతది. నిలువు ఊచల మధ్య చెయ్యి దూరేంత సందులు. వాటిలోంచి అతని వాకిలి, గులాబీ మొక్కలు, పంచలో కూర్చుని అతను తినే కంచం దాకా వీధికి కనిపిస్తాయి. వీధితో అతనికి పేచీ లేదు. పేచీ అంతా ఎదురింటి అరుగు మీది కుర్చీతోనే. పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయిన దగ్గర్నుంచి అన్న పొద్దస్తమానం ఆ కుర్చీలోనే. చూపు ఈ గేటు మీదే.

వెల్డింగు అతన్ని నిన్ననే పిలిచి, ఊచలకు ఈ రేకులు అతకమని అడిగాడు. అతను ఊచను గోటితో గీకి నవ్వాడు.

"దీనికి నిప్పు తగిలిస్తే రేకు అతకడం కాదు, ఊచే ఊడి చేతికొస్తుంది. కొత్తది పెట్టించుకోండి పెద్దాయనా."

"కొత్తది పెట్టించేవాణ్ణయితే నీతో ఈ ముచ్చట్లెందుకు?"

"అయినా అంతగా ఏం దాస్తున్నారు లోపల?"

"నా మొహం."

వెల్డింగు అతను మళ్లీ నవ్వలేదు. ఇనప తీగతో కట్టుకోమని చెప్పి వెళ్లిపోయాడు.

సగం గేటు మూసేసరికి వదిన వీధి దాటి వచ్చింది.

"ఏమయ్యా మరిదీ, మొత్తం మూసేస్తున్నావా?"

"నా గేటు."

"నీదే. ఎవరు కాదన్నారు? మీ అన్న చూసేది ఆ గులాబీలనయ్యా. ఒక్క జానెడు సందు వదిలెయ్, నీ సొమ్మేం పోయింది?"

"ఆ మొక్కలు పెట్టిందెవరు?"

"తెలిసే అడుగుతున్నాను."

"ఆ రోజు మీ కిటికీ తెర కదిలింది వదినా. అదీ తెలుసుగా?"

ఆమె చేతులు తుడుచుకోవలసిన పని లేకపోయినా కొంగుతో తుడుచుకుంటూ వెనక్కి వెళ్లింది.

ఆ రోజు తెల్లవారుతుండగా, ఆ గులాబీలు పెట్టిన అతని భార్యకు ఊపిరి ఆడలేదు. వీధిలో కారున్నది అన్న ఒక్కడికే. అంతకు ముందు వారమే నీళ్ల పైపు దగ్గర ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. అయినా పరిగెత్తి వెళ్లి అరచేతులతో తలుపు బాదాడు. తెర కదిలింది, తలుపు కదల్లేదు. పెద్దరోడ్డు నుంచి ఆటో పట్టుకొచ్చేసరికి ఆమె లేదు. నిద్రలో వినపడలేదని అన్న తరవాత అందరికీ చెప్పుకున్నాడు. అందరూ నమ్మారు. అతను నమ్మలేదు.

కుర్చీకి సరిగ్గా ఎదురుపడే చోట, గడియ పక్కన, డబ్బా రేకు రెండు పొరలు వేసి కట్టాడు. పట్టకారు లోపల ఇంటి గడప మీద పడేసి, బయటినుంచి ఏమైనా కనిపిస్తోందేమో చూద్దామని వీధిలోకొచ్చాడు. ఏమీ కనిపించడం లేదు. తృప్తిగా తల ఊపాడో లేదో, రేకుల బరువుకు గేటు తనంతట తానే వెళ్లి మూసుకుంది. గడియ టక్కున పడింది.

ఆ గడియ లోపలి వైపుది. ఇన్నేళ్లూ ఇంట్లో అందరూ ఊచల సందులోంచి చెయ్యి పెట్టి ఎత్తేవాళ్లు. ఆ సందునే ఇప్పుడు రెండు పొరలేసి మూశాడు. గోడ దూకుదామంటే, పైపు గొడవ తరవాత గోడంతా గాజుపెంకులు గుచ్చింది కూడా తనే.

అరుగు మీద అన్న కుర్చీలో కదిలాడు. వంకర పోయిన నోటితో కష్టపడి ఒక మాట తీశాడు.

"ని... నిచ్చెన."

వదిన తలుపు బార్లా తీసి నిలబడింది.

"లోపల నిచ్చెనుంది. రా, ఇద్దరం పట్టుకొద్దాం. గోడమీద గోనె పరిస్తే దిగొచ్చు."

"ఆ తలుపు ఒకసారి కొట్టాను."

"ఇప్పుడు కొట్టే పని లేదుగా. తీసే ఉంది."

"అప్పుడు తియ్యాల్సింది."

అతను వెనక్కి తిరిగి రేకు అంచు రెండు చేతులతో పట్టుకుని లాగాడు. తీగ తెగలేదు, అరచెయ్యి తెగింది. కాలు గేటుకు తన్నిపెట్టి మళ్లీ లాగాడు. "ఒద్దయ్యా, రక్తం!" అని వదిన అరుస్తూనే ఉంది. రెండు పొరలూ మూల దగ్గర వంగి చెయ్యి దూరేంత సందిచ్చాయి. గడియ ఎత్తి లోపలికి పోయాడు.

కుళాయి కింద చెయ్యి కడుక్కుంటూ తలెత్తితే, ఆ సందులోంచి అన్న కనిపించాడు. బాగున్న చేతిని కాస్త పైకెత్తి ఉంచాడు. పిలుపో, దణ్ణమో.

రేకును మళ్లీ నొక్కేద్దామనుకున్నాడు. నొక్కితే రేపు తనే ఇంట్లోకి రాలేడు. వదిన అడిగిన జానెడు సందు తన గేటుకే కావలసి వచ్చింది. తరవాత పాత సైకిలు ట్యూబు కోసి, సందుకు లోపలినుంచి వేలాడగట్టాడు. చెయ్యి పెడితే తొలుగుతుంది, లేకపోతే మూసుకునే ఉంటుంది.

మర్నాడు పాలకు వెళ్లేటప్పుడు చూస్తే ఎదురింటి కుర్చీ గోడవైపు తిప్పి ఉంది. అన్న వీపు మాత్రమే కనిపిస్తోంది. పాలు తీసుకుని తిరిగొస్తూ అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. రబ్బరు తోసి, గడియ ఎత్తి, లోపలికెళ్లి గేటు గట్టిగా వేశాడు, ఇటు చూడని అన్నకు వినపడేంత గట్టిగా.