నిద్ర సీను

కథలో అది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రాత్రి ప్రయాణం. నిజానికి మా పాత మారుతి కారు ఆళ్లగడ్డలో ఒక ఖాళీ ధాన్యం గోడౌన్‌లో, మే నెల మిట్టమధ్యాహ్నం, అంగుళం కదలకుండా నిలబడి ఉంది.

షార్ట్ ఫిల్మ్ తీస్తున్నది మా మరిది గిరీశ్. గోడౌన్ సేటు సాయంత్రం ఐదింటికే తాళం వేసుకుంటాడు కాబట్టి రాత్రిని పగలే తయారు చేసుకున్నాం. షట్టర్ దించారు. కిటికీల్లో గోతాలు కుక్కారు. రేకుల చిల్లుల్లోంచి ఎండ పడకుండా కారు పైనా వెనకా నల్ల టార్పాలిన్ నేల దాకా వేలాడదీశారు.

లైట్ల పని అమీర్ బాషాది. పెళ్లిళ్లకు సీరియల్ బల్బులు కట్టే మనిషి. పెద్ద లైటు పట్టుకుని కారు పక్కనుంచి పరిగెత్తితే, లోపలి మొహాల మీద ఎదురొచ్చే లారీ పోయినట్టుంటుంది.

"పద్దెనిమిది లారీలయినాను. ఇంక నాకు డీజిల్ పోయండప్పా," అన్నాడు రొప్పుతూ.

నా పని టార్పాలిన్ లోపల కూర్చుని వెనక బంపర్ ఊపడం. రోడ్డు మీద గుంతలన్నీ నేనే.

మా అమ్మాయి భావన ముందు సీట్లో నిద్రపోతూ ఉండాలి. మూడో లారీ వెలుతురు పడగానే లేచి, "ఇది ఆళ్లగడ్డ దావ కాదే" అనాలి. చెమట పడితే లైటుకు మొహం మెరుస్తుందని ఏసీ వేశారు. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంది. గంటన్నరగా.

"అమ్మా, తలకాయ నొస్తాంది," అంది భావన, అద్దం దించి.

"పొద్దున ఉగ్గాని తినకుండా ఫోన్ తింటే అట్లే ఉంటాది."

నాకూ నొస్తోంది. ఆ సంగతి చెప్పలేదు.

డ్రైవర్ వేషం వేసిన హరీశ్ దిగి, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "ఎండకు కండ్లు తిరుగుతాండాయన్నా."

"ఈడ ఎండ యాడుందిరా?" అని గిరీశ్ నవ్వాడు. "సరే, ఈసారి భావన మొహం ఒక్కటే. అద్దం ఎత్తుకో పాపా. సచ్చిపోయినట్ల పండుకో."

మొదటి లారీ పోయింది. రెండోది పోయింది. మూడోది పోయింది. మాట రాలేదు.

"చూడప్పా, యాక్టింగంటే ఇది," అని గొణిగాడు గిరీశ్. ఇంకో లారీకి చెయ్యి ఊపాడు.

వెనకద్దంలోంచి చూస్తే, డ్రైవర్ అద్దంలో దాని మొహం కనిపిస్తోంది. పద్దొమ్మిదేళ్లుగా ఆ నిద్ర చూస్తున్నాను. వెలుతురు పడితే నిద్రలో కూడా ముక్కు ముడుస్తుంది. ఇప్పుడు ముడవలేదు.

అప్పుడు మోకాలికి వేడి తగిలింది. సైలెన్సర్.

కాలేజీలో చదివిన కెమిస్ట్రీ ఇన్నేళ్లలో వంటసోడాకు తప్ప పనికి రాలేదు. ఆ క్షణాన ఒక్క వాక్యం గుర్తొచ్చింది: కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

లేవబోతే కాళ్లు నావి కావు. టార్పాలిన్ పట్టుకుని లాగితే అది నాతోపాటు కింద పడింది.

"వదినా! లైటు పడ్తాంది! ఏం చేస్తాండావ్?"

"ఇంజన్ ఆపు! షట్టర్ ఎత్తు గిరీశా!"

అమీర్ బాషా లైటు విసిరేసి కారు తలుపు లాగాడు. అతనూ గిరీశూ దాన్ని మోసుకుపోయి బయట ఎండలో పడుకోబెట్టారు. హరీశ్, నేను గోడ పట్టుకుని వెనకే వచ్చాం. నడినెత్తి సూర్యుడు నేరుగా మొహం మీద. నేను ముక్కునే చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి అది కొంచెం ముడుచుకుంది.

నంద్యాల ఆసుపత్రిలో రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇప్పుడు బాగానే ఉంది, ఫోన్ తింటోంది.

గిరీశ్ ఆ సీను తుడిచేస్తానంటే నేనే ఆపి, ఒకసారి చూశాను. మొదటి లారీకి దాని ముక్కు కదులుతుంది. రెండోదానికి కదలదు. ఆ తర్వాత కూడా కారు గుంతల్లో పడి లేస్తూనే ఉంటుంది, దాని తల ఇటూ అటూ దొర్లుతూనే ఉంటుంది.

ఊపుతున్నది నేను.