దగ్గు దాచుకున్నవాడు

అద్దం మోసేటప్పుడు దగ్గకూడదు. మా పనిలో పెద్ద నియమం అదొక్కటే. మనిషెత్తు పలకను ఇద్దరం చెరోవైపు పట్టుకుంటాం. గొంతులో గరగరమన్నవాడు "ఆపు" అనాలి. అప్పుడు పలకను చెక్కల మీద నిలబెట్టి, చేతులు తియ్యకుండా, వాడి దగ్గు తీరేదాకా ఆగాలి. ఒకడి ఒళ్ళు అదిరితే తెగేది రెండోవాడి మణికట్టు.

ఆ ఉదయం చిన్నోడు "ఆపు" అనలేదు.

చిన్నోడంటే నా బావమరిది. తల నెరిసింది, ముందు పన్ను ఊడింది, అయినా వాళ్ళక్క పెట్టిన పేరు అలాగే ఉండిపోయింది. వాళ్ళక్క నా భార్య. పోయింది. జలుబుతో మొదలై ఊపిరితిత్తులకు చేరింది. డాక్టరు దగ్గరికి పోదామంటే, "తమ్ముడు తెచ్చిన మందు గుణమిస్తోంది, ఇంకో రెండ్రోజులు చూద్దాం" అంది. తమ్ముడు తెచ్చింది మూలికల మాత్రలు, ఊదాపువ్వు బొమ్మ ఉన్న సీసా. చూస్తూ ఉండగానే అయిపోయింది. అప్పటినుంచి వాడితో పని మాటలే. అద్దాల కొట్టు ఇద్దరిదీ కాబట్టి మొహాలు చూసుకోక తప్పదు. క్షమించమని వాడు అడగలేదు. అడిగినా ఇవ్వడానికి నా దగ్గర లేదు.

సెలూను కిటికీకి కొత్త పలక మోసుకొచ్చాం. గుమ్మం ముందుకొచ్చేసరికి అద్దానికి అవతల వాడి మొహం కందిపోయింది. పెదాలు బిగించాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నా అరచేతుల్లో పలక సన్నగా వణికింది.

"ఆపు," అన్నాను నేనే.

"ఏం లేదు బావా. నడువు."

"దగ్గొస్తోంది నీకు."

"రావట్లేదు."

"మరి ఆ మొహమేంట్రా, మిరపకాయ నమిలినట్టు?"

సెలూను యజమాని, కుర్చీలో ఉన్న ఒకాయన గడ్డానికి నురగ పూసి, కత్తి చేత్తో పట్టుకునే బయటికొచ్చాడు. "మీ బావాబావమరుదుల పంచాయితీ తర్వాత పెట్టుకోండయ్యా. కిటికీ లేక ఈగలొచ్చి వరసలో కూర్చుంటున్నాయి. వాటికీ గడ్డం గీయాలా?"

పలక గోడకి ఆనించాం. చెయ్యి తియ్యగానే చిన్నోడు వంగిపోయి దగ్గాడు. పొడి దగ్గు కాదు. లోపల తడిగా ఏదో కదులుతున్న దగ్గు. ఆ చప్పుడు నాకు తెలుసు. మా ఇంట్లో గోడలన్నీ విన్నాయి దాన్ని.

దగ్గు ఆగాక వాడు జేబులోంచి సీసా తీసి రెండు మాత్రలు మింగాడు. ఊదాపువ్వు. ఇంకో జేబులోంచి మూలికల సిరప్ తీసి మూతతోనే తాగాడు.

నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. కాలిపోతోంది. వాడి ఒంటి మీద చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో.

"జ్వరం ఎప్పట్నుంచి?"

"వస్తోంది, పోతోంది. మందు వేసుకుంటున్నాగా."

"డాక్టరు దగ్గరికి పద."

"రాను."

"ఎందుకు రావు?"

సెలూను మెట్టు మీద కూలబడ్డాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "అక్కకి ఇదిచ్చి కూర్చోబెట్టాను బావా. నాకు మాత్రం డాక్టరా? ఇది నాకు తగ్గిందనుకో, మందులో తప్పు లేదు, అక్క ఆయుష్షే అంత అనుకుంటాను. తగ్గలేదనుకో..."

"తగ్గకపోతే?"

"చెల్లుకి చెల్లు."

నాకు ఒళ్ళు మండింది. వీడు చచ్చి ఎవరికి చెల్లిస్తాడు? ఊపిరికోసం ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడు. ఆ ముక్కు వాళ్ళక్కదే. మిగతా మొహమంతా వాడిదే, ముక్కు మాత్రం అచ్చం ఆవిడది. దాన్ని మళ్ళీ అలా చూడలేకపోయాను.

పక్కన కూర్చున్నాను. "విను. నిన్ను నేను క్షమించలేదు. నువ్వు పోయినా క్షమించను. కాబట్టి ఆ ఆశతో పోకు. పొద్దున లేస్తే తిట్టుకోవడానికి నాకొక మనిషి కావాలి. నువ్వూ పోతే ఎవర్ని తిట్టుకోను? ఈ గోడనా?"

వాడు నవ్వబోయాడు. నవ్వు దగ్గయిపోయింది.

"మీ అక్కే ఉంటే చెవి పట్టుకుని ఈడ్చుకెళ్ళేది."

"ఉంటే వెళ్ళేవాణ్ణే."

ఇక మాటలు అనవసరం అనిపించింది. చెవి పట్టుకున్నాను. నెరిసిన వెంట్రుకలు మొలిచిన చెవి. వీధిలో జనం చూశారు. చూడనీ. వాడు చిన్నపిల్లాడిలా లేచి నిలబడ్డాడు. సెలూనాయన కత్తి పక్కన పెట్టి ఆటో పిలిచాడు. "వెళ్ళండి, ఈగల సంగతి నేను చూసుకుంటా," అన్నాడు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. "కుడివైపు నిమ్ము పట్టింది. ఇవాళైనా వచ్చారు, నయం. ఇంతవరకూ ఏం వాడారు?"

సీసాలు బల్ల మీద పెట్టాను. సిరప్ చీటీ చదివి ఆవిడ తల పైకెత్తింది. "ఇందులో అతిమధురం ఉంది. మీకు బీపీ ఉందా?"

"ఉందమ్మా. మాత్ర వేసుకుంటాను," అన్నాడు చిన్నోడు.

"ఆ మాత్ర దింపుతుంటే ఇది ఎక్కిస్తోందన్నమాట. మూలికలైనా మందులే కదండీ. మామూలు జలుబుకి కొంచెం హాయిగా ఉంటే ఉండొచ్చు. నిమ్ముకి మాత్రం కాదు."

వాణ్ణి మంచం ఎక్కించి, చేతికి సెలైన్, ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. నేను గుమ్మం బయట డాక్టరమ్మని ఆపాను. "నా భార్య కూడా ఆ మాత్రలే వేసుకుంది. వాటివల్లే పోయిందా?"

"ఆ మాత్రలు ప్రాణం తీశాయని అనలేను. ఆలస్యం తీస్తుంది, ఒక్కోసారి. ముందే తీసుకొస్తే బతికేవారా అంటే, నేను ఆవిడ్ని చూడలేదు. చెప్పలేను."

అవునని అంటే బాగుండేది. ఇన్నాళ్ళూ అవునన్న దాని మీదే నిలబడ్డాను.

లోపలికి వెళ్ళాను. చిన్నోడు గుమ్మం వైపే చూస్తున్నాడు.

"అక్క గురించి అడిగావు కదూ?"

"అడిగాను."

"ఏమంది?"

అవునందని చెప్పొచ్చు. జీవితాంతం వాణ్ణి తొలిచేస్తుంది. కాదందనీ చెప్పొచ్చు. ఆ హాయి వాడికివ్వడం నావల్ల కాదు.

"తెలీదంది," అన్నాను.

వాడు కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు కణతల మీదుగా దిండులోకి జారుతున్నాయి. సూది గుచ్చిన చెయ్యి ఎత్తలేడు. నా చొక్కా అంచు పైకి లాగి నేనే తుడిచాను.

"గరుగ్గా ఉంది బావా."

"నోరు మూసుకుని ఊపిరి పీల్చు."

పీల్చాడు. ఇంకొకటి పీల్చాడు. నేను కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.