ముందు కచేరీ, వెనక కాపురం

కువైట్‌లోని ఫింటాస్‌లో ఇంటిపని చేసే చిన్నక్కకు అడగకుండా ఉండలేని జబ్బు ఒకటుంది. ఆ ఇంటి ముందుభాగం దివానియా, అంటే మగవాళ్లు వచ్చి కూర్చునే చావడి. అక్కడ గాజుపెట్టెలో ఓ బొమ్మ ఇల్లు ఉండేది. దుమ్ము తుడిచినప్పుడల్లా తాను మామా అని పిలిచే యజమానురాలిని వేధించి దాని సంగతంతా రాబట్టింది. రాజుల కాలంలో చైనా అధికారుల భవనమట అది. ముందు వాకిట్లో కచేరీ, ఫిర్యాదులు, శిక్షలు. వెనక వాకిట్లో ఆ దొరగారి పెళ్లాం పిల్లలు.

"అయితే ముందర దెబ్బలు తినేటోళ్ల ఏడుపు ఆయమ్మకు అన్నం తినేటప్పుడు ఇనపడదా మామా?"

ముందు దుమ్ము తుడవమంది మామా.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. ఒక అధికారి జవాన్లతో వచ్చి దివానియాలో తిష్ఠ వేశాడు. కువైట్ సైన్యంలో పనిచేసిన మామా కొడుకు వెనక గదిలోనే దాక్కున్నాడు. దొరికితే ప్రాణం దక్కదు. పరాయి మగవాడు ఆడవాళ్ల వైపు అడుగుపెట్టడన్న మర్యాదే అంతవరకు అతన్ని కాపాడింది.

అధికారి బొమ్మ ఇంటిని చూసి ఇదేమిటన్నాడు. చిన్నక్క నోరు ఊరుకుంటేనా! వచ్చీరాని అరబీలో అంతా ఏకరువు పెట్టింది.

"ముందర కచేరీ సార్, ఎనక కాపురం. దొర ఒక్క గడప దాటితే సాలు, ఇంట్లో ఉంటాడు."

అధికారికి తెగ నచ్చేసింది.

"నేనూ అలాగే ఉంటాను. సాయంత్రానికి వెనక గదులు ఖాళీ చెయ్యండి. ఆడవాళ్లిద్దరూ వెళ్లిపోవచ్చు."

చిన్నక్క నోరే ఆ కొంప ముంచింది. లోపల మామా గోడకు ఆనుకుని ఏడుస్తోంది. చిన్నక్క కాసేపు నెత్తి కొట్టుకుని, మేకుకు తగిలించిన, తల నుంచి కాళ్ల దాకా కప్పే తన నల్ల అబాయా తీసింది.

"ఏడ్చేదానికి టైము లేదు మామా. ఇద్దురు పొమ్మన్న్యాడు గదా, ఇద్దురే పోండి. ముందు ఆ పిల్లోని మీసం తియ్యి."

సాయంత్రం ముసుగులు వేసుకుని ఇద్దరు గేటు దాటారు. జవాన్లు మర్యాదగా తలలు తిప్పుకున్నారు. మామా కారు సందు మలుపు తిరిగేదాకా చిన్నక్క వంటింటి కిటికీలోంచి చూసింది. ఇంత ముప్పులోనూ తనను చూసి ఆ అధికారి మొహం ఎలా పెడతాడో చూడాలన్న పాడు ఆశ మాత్రం చావలేదు.

అతను గడప దాటి వచ్చి, పొయ్యి దగ్గర ఆమెను చూసి నిలబడిపోయాడు.

"నువ్విక్కడుంటే, ఆమెతో వెళ్లిందెవరు?"

చిన్నక్కకు మాట రాలేదనుకునేరు. వచ్చింది, పెదవుల దాకా వచ్చింది. కారు ఇంకా ఎంతో దూరం పోయి ఉండదు. మింగేసింది.