ఆరని చొక్కా

అమరేష్‌కు చెమట పట్టదు. నాలుగేళ్ళ పిల్లవాడు, ఎంత గంతులేసినా నుదుటి మీద చుక్క తడి కనిపించదు. మొదట్లో అందరికీ అదొక ముద్దు. "మా మనవడు దొరబిడ్డ, వానికి చెమట గూడా పట్టదు" అని అవ్వ హనుమక్క పాతపాళ్య వీధుల్లో గొప్పలు చెప్పుకుంది కూడా. రెండో ఏట వేసవిలో ఒళ్ళు పెనంలా కాలిపోయి, కళ్ళు తేలేసి, ఫిట్స్ వచ్చిన రోజుతో ఆ ముద్దంతా ఎగిరిపోయింది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో డాక్టర్ గార్గి పిల్లవాడి పలుచటి జుట్టు చూసింది, నోరు తెరిపించి మొనదేలిన నాలుగే నాలుగు పళ్ళు చూసింది, చూసి అసలు సంగతి చెప్పింది. వీడికి చెమట గ్రంథులే లేవు. పుట్టుకతోనే ఇంతే, దీనికి మందు లేదు. ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు కాబట్టి ఆ దారి మీరే చూపించాలి. నీడన ఉంచండి, తడి చొక్కా తొడగండి, ఒళ్ళు వేడెక్కనివ్వొద్దు.

వేడెక్కనివ్వొద్దంట! అనడానికి ఎంత సులువు. బాగేపల్లి తాలూకాలో మార్చి దాటాక వేడెక్కనిది ఏదైనా ఉంటే చూపించండి. రాళ్ళు వేడెక్కుతాయి, బిందెలో నీళ్ళు వేడెక్కుతాయి, రాత్రి పరుచుకునే చాప కూడా వేడెక్కుతుంది. అమరేష్ తండ్రి నందీశ్‌ది పైన స్లాబు వేసిన ఇల్లు. మధ్యాహ్నమయ్యేసరికి ఆ స్లాబు కింద మనిషి నిలవలేడు. రెండు వేసవులూ అతని భార్య అంబిక పిల్లవాణ్ణి వరండాలో కూర్చోబెట్టుకుని, పావుగంటకోసారి చొక్కా తడుపుతూ గడిపింది. తడపడం, అది ఆరిపోవడం, మళ్ళీ తడపడం. వారానికోసారి ట్యాంకరు వచ్చే ఊళ్ళో, తాగే నీళ్ళ డ్రమ్ములోంచి చెంబు చెంబుగా చొక్కాకు పోస్తుంటే ఆమె ప్రాణం ఉసూరుమనేది.

ఈ ఏడు ఫిబ్రవరిలోనే ఎండలు దంచడం మొదలుపెట్టాయి. పట్టుగూళ్ళు అమ్మిన డబ్బు చేతిలో ఉండగానే నందీశ్ బాగేపల్లి వెళ్ళి, బస్టాండు దగ్గరి ఎలక్ట్రికల్ షాపులో ఏసీ ముందు నిలబడ్డాడు. షాపులో చల్లగా ఉంది. ఆ చల్లదనం అరచేతికి తగులుతుంటే ఇదొక్కటి ఇంట్లో ఉంటే చాలురా దేవుడా అనుకున్నాడు.

షాపులో పనిచేసే సునీల్‌కుమార్ మంచివాడే. ఎట్లాగైనా అంటగడదామని చూడలేదు.

"మీది యా ఊరప్పా?"

"పాతపాళ్య."

"మీ తావ వోల్టేజి ఎట్లుంటాది?"

"బోరు మోటార్లు ఆన్ చేసినారంటే ఫ్యానుకు ఎన్ని రెక్కలుండాయో లెక్క పెట్టొచ్చు" అన్నాడు నందీశ్.

సునీల్‌కుమార్ నవ్వి, ఏసీ మీద చెయ్యేసి తల అడ్డంగా ఊపాడు. "అట్లయితే ఇది వద్దప్పా. ముప్పై ఐదు వేలు పెట్టి కొంటావు, స్టెబిలైజరు వేరే, బిల్లు వేరే. నూటయాభై వోల్టేజిలో ఇది స్టార్టే కాదు. ఊరికే గోడకు తగిలించుకుని చూస్తా కూసోవల్ల."

"మరేం చేసేది? పిల్లోనికి సల్లగా ఉండకపోతే కాదప్పా."

"కూలర్ తీసుకో. తొమ్మిది వేలు. ఫ్యానంత కరెంటే లాగుతాది. నీళ్ళు పోసుకుంటే సరి. స్లాబు పైన సున్నం కొట్టించు. ఇంగొకటి, కూలర్ పెట్టినప్పుడు కిటికీ తెరిచి పెట్టల్ల, మర్చిపోవద్దు."

నందీశ్ "ఊఁ" అన్నాడు. అన్నాడే గానీ, లోపల నవ్వుకున్నాడు. నలభై డిగ్రీల వడగాలి కొడుతుంటే కిటికీ తెరవడమేంటి? ఈ టౌను పిల్లకాయలకు చల్లదనం సంగతి ఏం తెలుసు? పదిహేనేళ్ళుగా పట్టుపురుగులు పెంచుతున్నవాడు తను. ఏప్రిల్ ఎండల్లో కూడా పురుగుల ఇంట్లో ఇరవై ఆరు డిగ్రీలు దాటనివ్వకుండా పంట తీసినవాడు. కిటికీలు బిగించి, తడి గోనెపట్టాలు వేలాడదీసి, ఇసుక తడిపి, గాలి చొరబడకుండా తలుపులు మూసి. పురుగు తినే మల్బరీ ఆకు వాడిపోకూడదు, తేమ బయటికి పోకూడదు. పురుగు బతకడానికి ఏం కావాలో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. అక్కడ చల్లే సున్నం, మందుల ఘాటుకు పిల్లవాడు దగ్గుతాడు గానీ, లేకుంటే వాణ్ణి ఎప్పుడో పురుగుల ఇంట్లోనే పడుకోబెట్టేవాడు.

అందుకని అటువంటి గదే ఇంట్లో తయారుచేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడనుకున్నారు! హనుమక్క గోనెసంచులు విప్పి, కుట్టి, రెండు కిటికీలకూ తెరలు కట్టింది. తలుపు కింది సందులో పాత చీర కుక్కింది. నందీశ్ స్లాబు మీద సున్నం కొట్టాడు. పురుగుల ఇంట్లోంచి ఉష్ణమాపకం తెచ్చి గోడకు తగిలించాడు. గది మధ్యలో కూలర్, దాని ఎదురుగా మంచం, మంచం మీద తడి చొక్కాలో అమరేష్. మొదటి రోజు మధ్యాహ్నం పన్నెండింటికి ఉష్ణమాపకం ముప్పై చూపించింది. బయట ముప్పై ఏడు.

"నాయనా, వాన మాదిరి ఉండాది!" అని పిల్లవాడు కూలర్ ముందు నోరు తెరిచి నిలబడ్డాడు. ముగ్గురూ వాణ్ణి చూసి నవ్వారు. ఆ ఇంట్లో వేసవిలో నవ్వు వినిపించడం అదే మొదటిసారి.

రెండో రోజు అంబిక ఇంకో సంతోషం కనిపెట్టింది. "ఇది చూసినావా? వరండాలో పావుగంటకే ఆరిపోతాండె. ఈడ పొద్దున తడిపిన చొక్కా మధ్యాహ్నమైనా ఆరలే. ఎన్ని నీళ్ళు మిగిలినాయో!"

నందీశ్ చొక్కా పట్టుకుని చూశాడు. నిజమే, పిండితే నీళ్ళు కారేట్టుంది. గది అంటే ఇట్లా ఉండాలి అనుకున్నాడు. ఆకు వాడిపోని గది. అతని ఛాతీ కొంచెం పొంగింది కూడా, దాచిపెట్టి ఏం లాభం?

మూడో రోజు ఒంటిగంటకు కరెంటు పోయింది.

అంబిక తలుపు తీయబోతే నందీశే ఆపాడు. "తీయొద్దు. ఉన్న సల్లదనం పోతాది. పురుగుల ఇంట్లో కరెంటు పోతే తలుపు తీస్తామా?"

ఆమె ఆగిపోయింది. తడి గుడ్డతో పిల్లవాడి మొహం తుడిచింది, చొక్కా తడిమింది. తడిగానే ఉంది. కాసేపు విసనకర్రతో విసిరింది. వాడు మొదట చిరాకు పడ్డాడు, తర్వాత మూలిగాడు, తర్వాత నిద్రపోయాడు. నిద్రపోతే మంచిదే కదా అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నందీశ్ పురుగులకు ఆకు వేయడానికి వెళ్ళాడు. హనుమక్క గుమ్మం దగ్గర కాపలా కూర్చుంది, తలుపు ఎవరూ తీయకుండా.

రెండున్నరకు అంబిక వేసిన కేక పురుగుల ఇంటిదాకా వినిపించింది.

నందీశ్ పరుగెత్తుకొచ్చేసరికి ఆమె తలుపులు బార్లా తీసేసింది. లోపలినుంచి ఆవిరి మొహాన కొట్టింది. అన్నం గుండిగ మూత తీసినట్టు. పిల్లవాడి చేతులు కొయ్యలై కొట్టుకుంటున్నాయి, కళ్ళలో తెల్లగుడ్లు తప్ప ఏమీ లేవు. ఎత్తుకుంటే ఒళ్ళు కాలుతోంది. చొక్కా మాత్రం తడిగా ఉంది.

"చొక్కా తడిగానే ఉండాది గదా! తడిగానే ఉండాది గదా!" అని అంబిక అదే మాట పట్టుకుని ఏడ్చింది.

పక్కింటి ఆంజనప్ప కారు తీశాడు. బాగేపల్లిలో ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ఇక్కడ కాదు చిక్కబళ్ళాపురం పొమ్మన్నారు. హైవే మీద కారు అద్దాలన్నీ దించి, ఒంటిమీద గుడ్డ లేకుండా పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని, అంబిక సీసాతో నీళ్ళు చల్లుతూనే ఉంది. గాలికి ఆ నీళ్ళు చల్లీ చల్లకముందే ఆరిపోతున్నాయి. దారిలో పేరేసంద్ర దాటుతుండగా వాడు కళ్ళు కదిపి "అమ్మా" అన్నాడు. నందీశ్ ముందు సీట్లో తల వంచుకుని, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆంజనప్ప కారు ఇంకొంచెం వేగంగా నడిపాడు.

మర్నాడు పొద్దున డాక్టర్ గార్గి వచ్చి అంతా అడిగింది. నందీశ్ దాచకుండా చెప్పాడు. గోనెపట్టాలు, చీర కుక్కిన సందు, మూసిన తలుపు, ఆరని చొక్కా. ఆమె చాలా మెల్లగా చెప్పింది.

"చొక్కా తడిగా ఉంటే లాభం లేదు నందీశ్. తడి ఆరాలి. ఆరేటప్పుడే ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. మీరు గదంతా తేమతో నింపేసి మూసేస్తే ఇంక ఆరేదెక్కడ? వరండాలో మీ ఆవిడ చేసిందే సరి. కూలర్ పెట్టినా కిటికీ తీసి, గాలి వచ్చేలా పోయేలా పెట్టుకోవాలి."

కిటికీ తెరిచి పెట్టల్ల, మర్చిపోవద్దు. నందీశ్ చెవిలో సునీల్‌కుమార్ గొంతు మళ్ళీ వినిపించింది. ఎవరినైనా తిట్టుకుంటే కొంచెం తేలికగా ఉండేది. షాపువాడు చెప్పే అమ్మాడు. డాక్టరు చెప్పే పంపింది. పెళ్ళాం తలుపు తీయబోయింది. ఆపింది తను. బిడ్డకూ పురుగుకూ తేడా తెలియని తండ్రి తను. లోకంలో తనకు బాగా తెలిసిన పని ఒక్కటే, ఆ ఒక్కటీ తెచ్చి బిడ్డ మీద వేశాడు. గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

ఆస్పత్రి వరండాలోకి వెళ్ళి సునీల్‌కుమార్‌కు ఫోను చేశాడు. "అప్పా, ఏసీనే ఇప్పించు. గొర్రెలను అమ్మి కడతా."

"నేను అమ్మేదేం కష్టం? మెషిన్ ఇస్తా, కరెంటు యాడనుంచి తెచ్చేది?" అన్నాడు సునీల్‌కుమార్. "మీ ఊరికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పడితే అప్పుడు రా."

లైన్‌మ్యాన్‌కు చేశాడు. అర్జీ పెట్టుకోమన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే, వేసవి గడవనీ అన్నాడు. వేసవి గడిచాక నాకెందుకయ్యా అనబోయి, అనలేక ఫోను పెట్టేశాడు.

వార్డులో ఏసీ ఉంది. మూడో రోజుకు అమరేష్ లేచి కూర్చున్నాడు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని "అమ్మా, సలి!" అని కిలకిలా నవ్వాడు. పక్క మంచం మీది పాపతో ఆడాడు. మంచం మీద గెంతాడు. ఏ వేసవిలోనూ వాడు పట్టపగలు ఇట్లా గెంతగా నందీశ్ చూసింది లేదు. గుండె నిండింది, ఆ వెంటనే బరువెక్కింది. ఇంత ఆట ఉందా వీడిలో!

నాలుగో రోజు ఉదయం డాక్టర్ గార్గి చీటీ రాసి చేతిలో పెట్టింది. "బాగున్నాడు. ఇంటికి తీసుకెళ్ళండి. కిటికీలు తెరిచి పెట్టండి, కరెంటు పోతే వరండాలోకి తెచ్చి చొక్కా తడపండి, విసరండి. మళ్ళీ వేడెక్కితే ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే తీసుకురండి."

నందీశ్ చీటీ తీసుకోలేదు. "అమ్మా, ఇంగా ఏప్రిలు ఉండాది, మే ఉండాది. వాన్ని ఈడనే ఉండనీండమ్మా. మంచం గూడా వద్దు. కింద చాప ఏసుకుని పండుకుంటాడు."

"జబ్బు లేని పిల్లవాణ్ణి ఎట్లా ఉంచుకోను?"

"జరం ఉండాదని రాసుకోండమ్మా." అతను చేతులు జోడించాడు. "మీ కాళ్ళు పట్టుకుంటా. జరం ఉండాదనే రాసుకోండి."

ఆమె కోప్పడలేదు. తలుపు వైపు చూపించింది. బయట బెంచీ మీద ఒక తల్లి బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. బిడ్డ ఎగశ్వాస తీస్తోంది. ఆ తల్లి లోపలి మంచం వైపే చూస్తోంది. నందీశ్ చెయ్యి చాపి చీటీ తీసుకున్నాడు.

అంబిక సంచి సర్దింది. "అమరూ, రా నాయనా, ఇంటికి పోదాం" అని పిలిచింది. వాడు ఆట ఆపేశాడు. తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసి, మంచం తలవైపు ఇనుప కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నేను రాను. ఈడనే ఉంటా."

"తప్పు నాయనా, ఇంగొక పాప పండుకోవల్ల" అన్నాడు నందీశ్.

"నాయనా, నేను మంచిగా ఉంటా. ఏడ్చను. సూదేసినా ఏడ్చను. ఈడనే ఉంటా నాయనా."

అంబిక సంచి పట్టుకుని మొహం తిప్పుకుంది. వార్డు గుమ్మంలో ఆ తల్లి బిడ్డతో లేచి నిలబడి ఉంది. నందీశ్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ముందు చిటికెనవేలు విడిపించాడు. తర్వాత దాని పక్కది. వాడు ఒక వేలు విడిపిస్తే ఇంకో వేలు బిగిస్తున్నాడు. చల్లటి కడ్డీ మీద వాడి వేళ్ళు కూడా చల్లగా ఉన్నాయి. పదో వేలూ విడిపించాక పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, నందీశ్ వార్డు తలుపు తోసి ఎండలోకి దిగాడు.