పొగడకూడని పిల్లవాడు

పెంటయ్య ఐస్ బస్తాను రెండో తొట్టిలోకి వంచి, నీళ్లలో మోచెయ్యి ముంచి చూశాడు. చల్లదనం చూపించే మీటరు గోడకే ఉంది. అయినా పసిపిల్లకు నీళ్లు పోసేముందు చూసినట్టు మోచేత్తో చూసుకుంటే తప్ప ఆయనకు నమ్మకం కుదరదు. ఆ తొట్టిలో దిగే పసివాడు మూడువందల పౌండ్ల పైచిలుకు మనిషి. ఆ మాట ఎవరైనా గుర్తుచేస్తే పెంటయ్య పన్నూడిన సందు కనబడేలా నవ్వి ఊరుకుంటాడు.

చాండ్లర్ అనే ఎడారి ఊరి ఎండలో, రేకుల కప్పు కింద ప్లాస్టిక్ పచ్చగడ్డి పరిచిన ఆ పెద్ద షెడ్డు అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాళ్లకు తర్ఫీదు ఇచ్చే చోటు. పెంటయ్య పని ఒళ్లునొప్పులు తగ్గడానికి కుర్రాళ్లు కూర్చునే ఐస్ తొట్లు నింపడం, నేల తుడవడం, బట్టలు ఉతకడం. సన్నటి మనిషి. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంది. సూర్యాపేట దగ్గర పత్తి మిల్లులో బస్తాలు మోసీ మోసీ కుడి భుజం కిందికి జారిపోయింది. అక్క కృష్ణవేణి పెట్టిన గ్రీన్‌కార్డ్ అర్జీ ఏళ్లకేళ్లు నాని బయటపడేసరికి భార్య శేషమ్మ కన్నుమూసింది. ఒక్కడే విమానమెక్కాడు. అక్క ఇంట్లో ఊరికే కూర్చుని తింటే ముద్ద దిగక ఈ పనిలో కుదిరాడు.

ఆ ఆట ఆయనకు సగమే అర్థమైంది గానీ, టాకిల్ అంటే ఏమిటో బాగా అర్థమైంది. కోలబంతి విసిరేవాడొకడుంటాడు. వాడి చూపు ముందుకుండగా పక్కనుంచి దున్నపోతులాంటివాడు వాడిమీద పడడానికి వస్తాడు. ఆ వచ్చేవాడికి అడ్డంగా నిలబడేవాడే టాకిల్. కాపలా సరిగ్గా కాస్తే వాడి పేరు ఎవరికీ పట్టదు. ఒక్కసారి తప్పితే మాత్రం ఊరంతా వాణ్నే తిడుతుంది.

2013 ఏప్రిల్‌లో షెడ్డులో అలాంటివాళ్లు ఇద్దరున్నారు. నెలాఖరున పెద్ద జట్లన్నీ చేరి, కాలేజీ అయిపోయిన కుర్రాళ్లలోంచి తమకు కావలసినవాళ్లను ఏరుకుంటాయి. ఇద్దరి తరఫునా జట్లతో బేరమాడే ఏజెంటు ఒకడే. తిండికీ పడకకూ తర్ఫీదుకూ ఖర్చు వాడిదే. ఒక జట్టు ఈ ఇద్దరిలో ఒకరిని తీసుకుందామని చూస్తోంది.

బ్రెట్ పేరున్న కాలేజీవాడు. మెడా భుజాలూ ఒకే ముద్ద. వాడు ఇనుము ఎత్తి దించితే నేల అదురుతుంది. తొట్టిలో దిగగానే బూతులు లంకించుకుని సగంలోనే లేచిపోతాడు. ఎలైజా మిసిసిపీలో ఎవరూ పేరు వినని కాలేజీ నుంచి వచ్చాడు. ఆజానుబాహువు. అంత ఒళ్లు వేసుకుని, అందరూ నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు మెత్తగా అడుగేస్తాడు. తొట్టిలో కళ్లు మూసుకుని చెప్పినంతసేపూ కూర్చుంటాడు. పెంటయ్య ఐస్ మోస్తుంటే "మీరు తప్పుకోండి మిస్టర్ పీ" అని చంకకొక బస్తా ఇరికించుకుని వచ్చేస్తాడు. పెంచిన అమ్మమ్మ పోయింది. ఈ ఆట తప్పితే వాడికి మిగిలింది ఊళ్లో కోళ్ల ఫ్యాక్టరీ, అక్కడ రోజంతా కోళ్లను తలకిందులుగా కొక్కేలకు తగిలించే పని. ఆ సంగతి ఒకరోజు తొట్టిలో కూర్చుని వాడే చెప్పాడు. "ఆ వాసన మళ్లీ నాకొద్దు" అన్నాడు.

పెంటయ్యకు వాడంటే ప్రాణం. అందుకే వాడి గురించి ఒక్క మంచిమాట కూడా ఎప్పుడూ పైకి అనలేదు.

అక్క తరవాత పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పురిట్లోనే పోతే, మూడోవాణ్ని తల్లి పెంటకుప్ప మీద దొర్లించి, ఆ పేరే పెట్టి, చావు కంటబడకుండా దాచుకుంది. "నా కొడుకా, వట్టి పీనుగ" అని ఇరుగుపొరుగుతో చెప్పుకుంటూ పెంచింది. పెంటయ్య బతికాడు. తనకు కొడుకు పుట్టినప్పుడు మాత్రం, ఏడో తరగతి దాకా చదువుకున్న గర్వం కొద్దీ, భీమరాజని పేరు పెట్టాడు. ఉయ్యాల వేసిన రోజు బిడ్డను రెండు చేతులా పైకెత్తి "చూడుండ్రి, నా కొడుకు పహిల్వాన్" అని అందరిముందూ అరిచాడు. నరుడి కంటికి నల్లరాళ్లయినా పగులుతాయంటారు. బిడ్డకు ఆ రాత్రే జ్వరం కాసింది, వారం దాటలేదు. శేషమ్మ ఒక్కమాటా అనలేదు. అంటే ఆయన గుండెబరువు కొంత దిగేది.

ఆ మధ్యాహ్నం జట్టు మనిషి వచ్చాడు. కుర్రాళ్లను చూసి జట్టుకు కబురు చెప్పే ముసలి స్కౌట్. కోచ్‌లతో మాట్లాడడం అయ్యాక నేరుగా తొట్ల దగ్గరికి వచ్చాడు. కుర్రాళ్ల గుణం తెలియాలంటే నేల తుడిచేవాణ్ని అడగాలని ఆయన సిద్ధాంతం.

"ఎలైజా నిన్నే అడగమన్నాడు" అన్నాడు స్కౌట్. "నువ్వంటే వాడికి బాగా ఇష్టంలా ఉంది."

పెంటయ్య గుండె ఉప్పొంగింది. తుడిచే కర్రను గోడకు ఆనించి, చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను, ఇలాంటి చేతులు చూడలేదు" అన్నాడు స్కౌట్. ఎదురుగా గడ్డి మీద ఎలైజా ఎండలో మెరుస్తూ నిలబడి ఉన్నాడు. "ఆ అడుగులు చూడు. ఆ ఎత్తు చూడు. వాడు నిలబడితే గోడే."

నడిమధ్యాహ్నం, నలుగురూ చూస్తుండగా, పిల్లవాణ్ని ఎదురుగా పెట్టుకుని అంతంత మాటలు! ఉయ్యాల, పైకెత్తిన చేతులు, ఆ రాత్రి కాలిపోయిన ఒళ్లు అన్నీ ఒక్కసారి పెంటయ్య మీదపడ్డాయి. ఆ మాటల వేడి ఎలాగైనా చల్లార్చాలి.

"నో సార్, నో" అన్నాడు గబగబా. "దట్ బాయ్ నథింగ్. ఫుల్ లేజీ. ఆల్వేస్ లెగ్ పెయిన్, లెగ్ పెయిన్."

"ఏ కాలు?"

పెంటయ్య వంగి తన కుడి మోకాలు తట్టి చూపించాడు. ఎప్పుడో ఒకసారి ఎలైజా ఆ మోకాలికి ఐస్ అడిగాడు, అంతే. ఆ షెడ్డులో అడగనివాడెవడు?

"మరి బ్రెట్?"

"బ్రెట్ వెరీ గుడ్ సార్. వెరీ స్ట్రాంగ్. నంబర్ వన్." పరాయిపిల్లవాణ్ని పొగడడానికి ఆయనకేం అడ్డం? నోరారా పొగిడాడు.

స్కౌట్ చాలాసేపు ఎలైజా మోకాళ్ల వైపే చూశాడు. పెంటయ్యకు థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. ముద్దొచ్చే బిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినంత తృప్తిగా పెంటయ్య మళ్లీ కర్ర అందుకున్నాడు.

పొద్దు వాలేవేళకు హెడ్ ట్రైనర్ గదిలోంచి ఏజెంటు కేకలు వినబడ్డాయి. జట్టు బ్రెట్‌నే ఏరుకోవాలని ఖాయం చేసుకుంది. ఎలైజా మోకాలు దాచి మోసం చేశాడని ఏజెంటు మండిపడుతున్నాడు. ఇక వాడి మీద డాలరు కూడా పెట్టడట, ఈ సాయంత్రమే బస్సెక్కించేస్తాడట. పెంటయ్య చేతిలోని బకెట్ జారిపడింది. ఏజెంటు బయటికి వెళ్లగానే ట్రైనర్ గదిలోకి దూరి, మేనల్లుడు లోకేష్‌కు ఫోన్ చేశాడు.

"అల్లుడా, ఆగమైపోయింది బిడ్డా. నోటితోని పిలగాని బతుకు బుగ్గి చేసిన. దిష్టి తగుల్తదని అట్లన్న, గంతే. నువ్వు జెర చెప్పు బిడ్డా వీళ్లకు!"

"మామయ్యా, మీటింగ్‌లో ఉన్నా... సరే, స్పీకర్‌లో పెట్టు" అన్నాడు లోకేష్.

లోకేష్ మంచివాడు. పాపం ఓపికగా చెప్పాడు, సొంతపిల్లల్ని పైకి పొగడరనీ, చెడ్డగా చెప్పడమే ప్రేమనీ. ట్రైనర్ కూడా మంచివాడే, చివరిదాకా విన్నాడు.

"అయితే ఆయన అబద్ధం చెప్పాడంటావు?"

"అబద్ధం కాదు... అంటే, ఇట్స్ కాంప్లికేటెడ్."

"మోకాలు నొప్పి ఉందా, లేదా?"

"లేదు సార్! నో పెయిన్! గుడ్ లెగ్!" పెంటయ్య చేతులు జోడించాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి, ట్రైనర్ తన ఫోన్ తీసి విమానాశ్రయంలో ఉన్న స్కౌట్‌కు కలిపాడు. స్కౌట్ అంతా విన్నాడు. కోప్పడలేదు.

"ఆ పెద్దమనిషికి వాడంటే ప్రాణం. నా కళ్లతో చూశాను" అన్నాడు నెమ్మదిగా. "అంత ప్రేమ ఉన్నవాడు నిజం కాకపోతే ఆ మాట అనడు. ఇప్పుడు మాట మారుస్తున్నాడంటే, అదీ ఆ ప్రేమే. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని తల్లి అంటుండేది. పెంటయ్య తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. ట్రైనర్ ఆయన వీపు తట్టి, కాసేపు కూర్చోమని కుర్చీ జరిపాడు.

పెంటయ్య కూర్చోకుండా బట్టలుతికే గదిలోకి వెళ్లిపోయాడు. ఎలైజా వెతుక్కుంటూ అక్కడికే వచ్చాడు, భుజాన సంచితో. గుమ్మంలో వంగి లోపలికి అడుగుపెట్టాడు.

"మీరే చెప్పారట, మిస్టర్ పీ."

పెంటయ్య తలాడించాడు. ఎందుకో చెబుదామని "మై సన్..." అన్నాడు. ఇన్నేళ్లలో తెలుగులోనే ఎవరికీ చెప్పుకోని మాట అది.

ఎలైజా కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది. "పోనీ ఒక్కటి చెప్పండి" అన్నాడు. "రోజూ చూశారుగా. జట్టు కోసం కాదు, నాకోసం చెప్పండి. నేను అసలు పనికొస్తానా?"

బయట ఏజెంటు మనిషి కారు హారన్ కొట్టాడు. పెంటయ్య తలెత్తి చూశాడు. వీణ్ని మించినవాడు భూమ్మీద లేడు. ఆ మాట గొంతులోకి వచ్చింది, నాలుక మీదికీ వచ్చింది. కానీ ఎదురుగా రాత్రి ప్రయాణం, వాడు ఒంటరిగా పోవాలి, ఊరూ పేరూ తెలియని దారి. మాట బయటపడితే బస్సుకేమవుతుందో, వాడికేమవుతుందో. ఆయన పళ్లు బిగించాడు.

"గో స్లో" అన్నాడు. "ఈట్ వెల్."

జవాబు దొరికినట్టే ఎలైజా తలాడించాడు. పెద్ద చెయ్యి చాచి పెంటయ్య వాలిన భుజం ఒకసారి పట్టుకుని వదిలాడు. గుమ్మంలో మళ్లీ వంగి, మెత్తటి అడుగులతో వెళ్లిపోయాడు. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది. కారు రోడ్డెక్కి, చప్పుడు పూర్తిగా ఆగిపోయాక, పెంటయ్య గోడవైపు తిరిగి తెలుగులో "బంగారం రా బిడ్డా నువ్వు" అన్నాడు. అని, వెంటనే భయపడి, చేత్తో నోరు మూసుకున్నాడు.

డ్రయ్యర్ ఆగి కూత పెట్టింది. ఆయన అలవాటుగా తలుపు తీసి, లోపలున్నవి ఒక్కొక్కటే బల్ల మీద మడిచాడు. అడుగున ఒకటి మిగిలింది. ఒక్క తువ్వాలు ఎలైజా నడుముకు చుట్టు తిరగడం లేదని, వాడు వచ్చిన కొత్తలో రెండు తువ్వాళ్లు కలిపి పెంటయ్య తెల్లదారంతో చేత్తో కుట్టిన జంట తువ్వాలు, ఇంకా వెచ్చగా ఉంది, ఇంకెవరికీ పనికిరానంత వెడల్పుగా.