పన్నెండు సెకన్ల సైకిల్

నేను ఒక మడత సైకిల్‌ని. పొట్టి చక్రాలు, పొడుగు మెడ, నడుం దగ్గర ఒక బందు, దానికో మీట. లూధియానాలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను బిగించినవాళ్ళలో ఒక్కరూ నాలాంటిదాని మీద ఇంటికి వెళ్ళలేదు, అందరూ బస్సెక్కారు. మనుషుల గురించి నా అభిప్రాయం ఆ రోజే కుదిరిపోయింది.

నన్ను ఎంచుకున్న మహానుభావుడి పేరు దామోదర్. మౌలాలిలో ఇంటి కిందే జిరాక్స్ షాపు. అతని రోజువారీ ప్రయాణం ఇరవై రెండు మెట్లు. సైకిల్ కావలసింది అతనికి కాదు, భార్య స్వరూపకు. ఆమె సికింద్రాబాద్ అవతల ఒక రక్తపరీక్షల కేంద్రంలో పదకొండేళ్ళుగా రక్తం తీస్తోంది. పరగడుపున వచ్చేవాళ్ళ కోసం సరిగ్గా ఏడింటికి కుర్చీలో ఉండాలి. లోకల్ రైలు దిగాక ఇంకా మూడు కిలోమీటర్లు. ఆ వేళకు షేర్ ఆటో నిండదు, నిండందే కదలదు. ఆలస్యానికి అప్పటికే ఒక మెమో ఇచ్చారు. మూడోది ఇస్తే ఉద్యోగం ఊడినట్టే.

ఇంత తొందర పనికి దామోదర్ నాలుగు నెలలు తీసుకున్నాడు. రోజుకు రెండు గంటలు ఫోనులో వీడియోలు చూశాడు. గేర్లు ఆరా ఏడా అని ముక్కూ మొహం తెలియనివాళ్ళతో వాదించాడు. దుకాణానికి పదకొండుసార్లు వచ్చి, టేపుతో నన్ను కొలిచి, చంకలో బియ్యం సంచిలా ఎత్తి చూశాడు. రైల్లో సీటు కింద పడుతుందా, ఆఫీసులో బల్ల కింద పడుతుందా అని అడిగాడు. ఎక్కే మనిషి ఎత్తెంత అని దుకాణం ఆయన అడిగితే నీళ్ళు నమిలాడు. పద్నాలుగేళ్ళ కాపురంలో ఆ సంగతి గమనించినట్టు లేడు.

కొనడమైతే కొన్నాడు. ఇంటికి తెచ్చాక, మొదటిసారి ఎక్కడానికి మంచిరోజు కోసం పంచాంగం తెరిచాడు. మర్నాటి నుంచే మూఢం. గురుడు కనబడకుండా పోయిన ఆ నెల రోజులూ కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదట. నాలుగు నెలలు నన్ను వెదికిన మనిషికి అందులో ఒక్కరోజు కూడా పంచాంగం వెదకాలని తోచలేదు.

"మూఢంల కొత్త బండి ఎక్కొద్దు స్వరూపా. నెల ఎంతసేపు, కండ్లు మూసి తెరిస్తే అయిపోతది" అన్నాడు.

"మా మేనేజరు కండ్లు మూసుకుంటడా మరి?" అందామె.

అతను వినలేదు. అప్పటికే నన్ను జిరాక్స్ షాపులోకి దింపే పనిలో ఉన్నాడు. ఎక్కకూడదు గాని మడిచి చూపిస్తే దోషం లేదని తానే తీర్మానించుకున్నాడు. ఆధార్ కార్డు కాపీకి వచ్చినవాడికీ, కరెంటు బిల్లు పట్టుకొచ్చినవాడికీ నన్ను మడిచి విప్పి చూపించాడు. "పన్నెండు సెకన్లు! లెక్కపెట్టుకోండ్రి" అనేవాడు. వాళ్ళు నిజంగానే లెక్కపెట్టేవాళ్ళు. అంత తీరికున్న జనం ఆ వీధిలో ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. స్వరూప ఒకసారి మీట మీద చెయ్యి వేస్తే, "నువ్వు పట్టుకోకు, ఇరుగుతది" అని కసిరాడు.

నిజం చెప్పాలంటే నాకు ఆమె అన్నా చులకనే. ఇన్ని మాటలు పడి ఊరుకునే మనిషికి నేనెందుకు, షేర్ ఆటోయే ఎక్కువ అనుకున్నాను.

మూఢం మొదలైన తొమ్మిదో రోజున ఆమెకు రెండో మెమో వచ్చింది. దాన్ని ఆమె దామోదర్‌కు చూపించలేదు. మర్నాడు తెల్లవారుతుండగా షాపు తాళం తీసి నన్ను బయటకు తెచ్చింది. చున్నీ నడుముకు చుట్టి ఎక్కింది. చిన్నప్పుడు ఎప్పుడో తొక్కిన కాళ్ళు, కాసేపు అటూ ఇటూ తూలాయి. స్టేషన్ దాకా బాగానే వచ్చాం.

నన్ను మడిస్తేనే రైల్లోకి రానిస్తారు. రైలు వచ్చి ఆగింది. ఆమె మీట పైకి లాగింది, పక్కకు లాగింది, కాలితో తొక్కింది. ముందు చిన్న గుండీ నొక్కాలి. ఆ ముక్క వీధిలో అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. చెబుదామంటే నాకు నోరు లేదు. రైలు కదిలిపోయింది.

"నీ మొఖం మండ! నీకు మడతొకటి తక్కువైందా!" అని నా సీటు మీద ఒక్కటిచ్చింది. నాకు తగిన శాస్తే అది.

తర్వాతి రైలుకు పోతే ఏడున్నర దాటుతుంది. ఆమె గడియారం చూసుకుంది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నామీద ఎక్కింది. మొత్తం తొమ్మిది కిలోమీటర్లు. లాలాపేట వంతెన ఎక్కేటప్పుడు దిగుతుందనుకున్నాను. దిగలేదు. గేర్లు ఎలా మార్చాలో కూడా ఎవరూ చెప్పలేదు, ఒక్క గేరులోనే రొప్పుతూ తొక్కింది. మెట్టుగూడ దగ్గర ఒక బస్సు హారన్ కొడితే, దాని డ్రైవర్‌ని ఎంత మాట అందంటే నాకే ముచ్చటేసింది. ఊరుకునే మనిషని ఆమెను ఎంత తప్పుగా అనుకున్నానో తలుచుకుని సిగ్గుపడ్డాను.

ఏడింటికి ఇంకా మూడు నిమిషాలుండగా చేరాం. గుమ్మంలోనే మేనేజరు కాగితం పట్టుకుని ఉన్నాడు. మూడో మెమో ముందే టైపు చేయించి, వచ్చిన సమయం దగ్గర మాత్రం ఖాళీ వదిలాడు. గోడ గడియారం చూశాడు, ఆమెను చూశాడు, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఆమె చేతులు కడుక్కుని కుర్చీలో కూర్చుంది. "రా తాతా, చెయ్యి ఇయ్యి" అని మొదటి రోగిని పిలిచింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి దామోదర్ గేటు దగ్గరే ఉన్నాడు.

"మూఢంల తీసినవా! ఏమన్నైతే ఎట్ల? గుడి అయ్యగారిని అడిగిన, నెలాఖరుకు శాంతి చేపియ్యాలంట. అప్పటిదాంక ముట్టుకోకు" అన్నాడు.

ఆమె సంచిలోంచి రెండు మెమోలూ తీసి అతని చేతిలో పెట్టింది. "మూడోది ఇయ్యాల రావాలె. రాలే" అంది. అతను రెండో కాగితం మీద తేదీ చదువుకున్నాడు, మళ్ళీ చదువుకున్నాడు. ఈలోగా ఆమె లోపలినుంచి పంపు తెచ్చి నా వెనక చక్రం దగ్గర కూర్చుంది.

"రేపు పొద్దుగాల పోవాలె. గాలి తగ్గింది. జర ఈ పైపు పట్టుకోండ్రి."

దామోదర్ కాగితాలు జేబులో పెట్టుకుని, కింద కూర్చుని పైపు పట్టుకున్నాడు. నన్ను ఎంచుకోవడం మొదలుపెట్టిన నాటినుంచి ఆ మనిషి చేసిన పనికొచ్చే పని అదొక్కటే.