పీచు రంగు

గరిటె వెనక భాగాన్ని బొగ్గుల మీద కాల్చి, తడిగుడ్డకు ఒకసారి తాకించింది నాగేంద్రమ్మ. సుయ్యిమంది. వేడి సరిపోయిందో లేదో ఆ చప్పుడును బట్టే తెలుస్తుంది ఆమెకు. మడతపెట్టిన దుప్పటి మీద పరిచిన పట్టుగుడ్డ ముక్కను గరిటెతో నడుమ నొక్కి, అంచును చూపుడువేలితో వెనక్కి వంచింది. గుడ్డముక్క కాస్తా రేకయింది. దాన్ని చేటలో పెట్టి ఇంకోటి అందుకుంది.

గద్వాలలో నేతగాళ్ల వీధి అప్పుడప్పుడే లేస్తోంది. ఎనభై ఏడో సంవత్సరం మే నెల. ఎండ ముదరకముందే జానెడు గుడ్డ నేద్దామని పక్కింట్లో ఎవరో మగ్గం గుంటలోకి దిగారు. అరుగు చివర ఆమె పెనిమిటి శంకరయ్య వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. పట్టుకు రంగులు వేసీ వేసీ అతని చేతులకు మోచేతుల దాకా ఏ పేరూ పెట్టలేని రంగొకటి పట్టిపోయింది. ఎంత తోమినా పోదు. అన్నం కలుపుతుంటే ఆ వేళ్ల మధ్య తెల్లటి మెతుకులు మరీ తెల్లగా కనిపించేవి. పెళ్లయిన కొత్తలో నాగేంద్రమ్మ అదే పనిగా చూసేది.

ఆమె వచ్చిన నాడు కండెలు చుట్టడం ఒక్కటే తెలుసు. పొడుగ్గా, సన్నగా, మాట్లాడకుండా పని చేసుకుపోయే పిల్ల. కుడిచేతి చూపుడువేలి మీద దారం కోసిన గాడి ఆనాటినుంచీ ఉంది. చర్చి మిషన్ బడిలో కుట్లు నేర్పే టీచరమ్మ ఒకావిడ పట్టుదారాల కోసం ఇంటికి వస్తూ పోతూ ఈ పిల్ల వేళ్లను చూసి, గుడ్డతో పూలు చేయడం నేర్పింది. చర్చిలో పెళ్లంటే పెళ్లికూతురి చేతిలో పూలగుత్తి ఉండాలి, పెళ్లికొడుకు కోటుకు ఒక పువ్వు ఉండాలి. ఈ మెట్ట నేలలో, అందులోనూ ఎండాకాలం, తెచ్చిన గులాబీ చర్చి మెట్లెక్కేలోపే తలవాలుస్తుంది. టీచరమ్మ బదిలీ మీద వెళ్లిపోయింది గాని పూలు మాత్రం నాగేంద్రమ్మ దగ్గరే ఉండిపోయాయి. అమరచింతనుంచీ పాన్‌గల్‌నుంచీ కూడా వచ్చి చేయించుకుపోయేవారు. పిల్లలు కలగలేదు. ఆ వెలితి గురించి మొగుడూ పెళ్లాలు ఒక వయసులో మాట్లాడుకోవడం మానేశారు. తర్వాత దాన్ని మరిచిపోయారు కూడా. అతను రంగు వేసేవాడు, ఆమె కండె చుట్టేది. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తినేవారు. రోజులు అట్లాగే సాగాయి.

ఇవాళ పెళ్లి ఎస్తేరుది. ఇస్రాయేలు సారు పెద్దకూతురు. సికింద్రాబాదులో నర్సు చదువు ముగించుకుని వచ్చింది. పదిహేను రోజుల కిందట తన పెళ్లిచీరె తెచ్చి ఈ అరుగు మీదే విప్పింది. పాలమీగడ వంటి చీరె ఒళ్లు, జరీ పక్కన సన్నటి లేతరంగు అంచు. ఆ అంచులోని పట్టుకు రెండేళ్ల కిందట రంగు వేసింది శంకరయ్యే.

“ఈ రంగులనే బొకే కావాలె అవ్వా. పీచ్ అంటరు దీన్ని,” అంది ఎస్తేరు.

“పీచేంది బిడ్డా? కొబ్బరిపీచా?”

ఎస్తేరు నవ్వీ నవ్వీ చీరె మీద పడింది. అది చలిదేశాల్లో కాసే పండట. సికింద్రాబాదులో బొమ్మలో చూసిందేగాని తనూ తినలేదట. నాగేంద్రమ్మ అంచును వెలుతురుకు పెట్టి చూసింది. కనకాంబరం పువ్వును పాలలో ముంచి తీస్తే ఎట్లుంటుందో అట్లుంది. ఆ రోజునుంచి ఇంట్లో దాని పేరు పీచు రంగే.

పెళ్లికూతురి గుత్తి, తోడి పెళ్లికూతుళ్లకు చిన్న గుత్తులు, పెళ్లికొడుక్కీ తోడివాడికీ తండ్రులకూ కోటు పువ్వులు అన్నీ ముందే అయిపోయాయి. ఇప్పుడు చేస్తున్నది అదనపు పువ్వు, ఏదైనా చెడిపోతే ఉంటుందని. ఆ రేకలతో గుడ్డ కూడా అయిపోతుంది.

ఇస్రాయేలు సారు సైకిలు దిగింది అప్పుడే. బడిలో పిల్లలెంత గట్టిగా అరిచినా అదరని మనిషి, ఇవాళ చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని ఉన్నాడు. పెళ్లికొడుకు మేనమామలు రాయచూరునుంచి రాత్రి బస్సులో దిగారట, ఒక్కరు కాదు, నలుగురు. అందరూ కోట్లు తెచ్చుకున్నారు. తండ్రులకు పువ్వులుండి తమకు లేకపోతే మేనమామల మర్యాద ఏం కావాలని అప్పుడే ఒకాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“వేరే రంగు పెడితే మమ్ముల వేరు చేసిన్రంటరు. పదకొండింటికి పెళ్లి. ఎట్లన్న చేసి జర నా ఇజ్జతు కాపాడమ్మా,” అన్నాడు.

తెల్లగుడ్డ ఉంది. రంగే మళ్లీ వేయాలి. నాగేంద్రమ్మ తలతిప్పి మొగుడి వైపు చూసింది. శంకరయ్య వేపపుల్ల ఉమ్మేసి, “పొయ్యి అంటిస్త. నువ్వు పో సారూ, పరేషాన్ గాకు,” అన్నాడు. సైకిలు సందు మలుపు తిరిగేదాకా నవ్వుమొహంతోనే ఉన్నాడు.

పెరట్లో రాగి గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. గిన్నె పక్కన రంగు పొడుల డబ్బాలు ఎప్పుడూ ఉండే వరుసలోనే ఉన్నాయి. ఆ వరుస చెదరకుండా నాగేంద్రమ్మ చూసుకుంటుంది. పోయిన వానాకాలం ఒకసారి చెదిరింది. చిలకపచ్చ కావలసిన పట్టు నీలంగా తేలింది. పట్టు ఇచ్చిన షావుకారు వచ్చి ఆ దారపు లడిని నేల మీద పడేస్తే, డబ్బాలు తానే అటూ ఇటూ చేశానని నాగేంద్రమ్మ ముందుకొచ్చింది. ఆ వీధిలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. షావుకారు ఆడవాళ్లను పనిలో దూర్చొద్దని చెప్పి వెళ్లిపోయాడు. శంకరయ్య ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు గాని ఏమీ అడగలేదు. మర్నాటినుంచి అతను రంగు వేసేటప్పుడు ఆమె కండెల రాట్నం పెరట్లోకి తెచ్చుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. గిన్నెలోకి చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు, “ముదిరింది”, “ఇంక జర పట్టాలె” అనేది. అతను విననట్టే విని సరిచేసుకునేవాడు. వీధిలో ఎవరికీ తెలియదు. వాళ్లిద్దరూ కూడా దాన్ని గురించి ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

శంకరయ్య పటిక వేసి కలిపాడు. పొడిని వేళ్ల కొసలతో నలిపి రాల్చాడు. గుడ్డ ముంచి కర్రతో తిప్పి పైకెత్తాడు. ఎండలో ఆరబెట్టి అసలు పువ్వు పక్కన పెట్టి చూసింది నాగేంద్రమ్మ. ఎర్రబారింది.

రెండో ముక్క ముంచారు. ఈసారి పసుపు ఎక్కువై కాషాయమైంది. ఎండ పెరటి గోడ దిగి గిన్నె దాకా వస్తోంది. శంకరయ్య కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. గడ్డం కింద చెమట కారుతోంది. పక్కింటి మగ్గం చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది.

“నాకు కనవడ్తలేదే,” అన్నాడు.

నాగేంద్రమ్మ గుడ్డను తీగ మీదనుంచి తీస్తున్నదల్లా ఆగింది.

“నాకు తెల్సు.”

“ఎప్పటిసంది?”

“నీకు ఎప్పటిసంది తెల్సో అప్పటిసందే.”

అతను కర్రను గిన్నె అంచుకు ఆనించాడు. ఆమెకు అతని ముఖం చూడాలంటే భయం వేసింది. తీరా చూస్తే అతను ఏడవడం లేదు. మూట దించుకున్న కూలివాడిలా భుజాలు జారవిడిచి, ఊపిరి వదిలాడు.

“మరైతె సరిగ చెప్పు,” అన్నాడు. “ముదిరింది, జర అంటే నాకేం తెలుస్తది? ఎట్లుందో చెప్పు.”

అప్పుడు ఆమె దగ్గరికి వచ్చి నిలబడింది. అసలు పువ్వును చేతిలో పెట్టుకుని చెప్పింది. కొల్లాపురం మామిడిపండుకు ఎండ తగిలిన చెంప ఉంటుంది చూడు, ఆ ఎరుపు కాదు. దాని పక్కన పసుపూ కాదు. ఆ రెండూ కలిసేచోట, తోలు పలచగా ఉన్నచోట ఉండే రంగు. పొద్దుగూకేముందు కోట గోడ మీద పడే వెలుతురు. పక్కింటి అనంతమ్మ మనమరాలు పుట్టినప్పుడు దాని అరికాళ్లు. ఆమె పెళ్లయ్యాక ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడి ఎరగదు. అతను కళ్లు మూసుకుని విన్నాడు. కొంత రంగునీళ్లు ఒంపేసి చల్లనీళ్లు పోయమన్నాడు. పసుపు పొడిని గోటి చివరంత వేశాడు. ఎరుపు డబ్బాలో వేలు పెట్టి, ఆ వేలిని నీళ్లలో ముంచి తీశాడు, అంతే.

మూడో ముక్క ఆరాక ఆమె పువ్వు పక్కన పెట్టింది. ఏది కొత్తదో ఏది పాతదో ఒక క్షణం తనకే తెలియలేదు.

“ఏందే, మాట్లాడవు?”

“కలిసింది.”

“గట్ల చెప్పు,” అన్నాడు శంకరయ్య. తర్వాత, గిన్నె దింపుతూ, ఎండాకాలం పోగానే కర్నూలు దవాఖానకు పోదామన్నాడు. కండ్ల పొరలు తీస్తరంట గద, మన వీధి నాగన్నకు తీసిన్రు, ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తుండు అని తనే చెప్పుకొచ్చాడు. ఏడాదిగా ఆ మాట ఎట్లా ఎత్తాలా అని చూస్తున్న నాగేంద్రమ్మ, పోదాం అని మాత్రం అంది. రేకలు కత్తిరిస్తూ ఆమె చిన్నగా ఏదో పాడుకుంటున్నదని గమనించి అతను రాట్నం దగ్గరే కూర్చుండిపోయాడు.

చర్చికి ఎప్పుడూ పూలు పంపించడమే గాని ఆమె వెళ్లింది లేదు. ఇవాళ సమయం లేక తానే గంప పట్టుకుని, రెండో చేత్తో శంకరయ్య ముంజేయి పట్టుకుని నడిచింది. వీధిలో అట్లా చెయ్యి పట్టుకుని నడవడం కూడా ఇదే మొదలు. చర్చి మెట్ల దగ్గర చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఇద్దరూ అక్కడే విడిచారు.

మేనమామలు నలుగురూ కోట్లలో చెమటలు కక్కుతూ వరుసగా నిలబడ్డారు. పిన్నీసు పెట్టడం మగవాళ్లెవరికీ చేతకాక, నాగేంద్రమ్మే ఒక్కొక్కరికి పువ్వు గుచ్చింది. మొహం తిప్పుకున్న పెద్దాయన తన ఛాతీ కేసి వంగి చూసుకుని, “చెన్నాగిదె,” అని కన్నడంలో మెచ్చుకున్నాడు. పక్కాయన పువ్వుకన్నా తనది పెద్దదని తృప్తిపడ్డాడు. నిజానికి రెండూ ఒకటే.

లోపలికి పోబోతూ ఎస్తేరు ఆగింది. గుత్తిని చీరె అంచు పక్కన పెట్టి, శంకరయ్య ముందుకు వచ్చి, “మంచిగ కలిసిందా తాతా?” అని అడిగింది.

శంకరయ్య చెయ్యి చాపి అంచును వేళ్ల మధ్య పట్టుకున్నాడు. పువ్వు రేకను బొటనవేలితో తడిమాడు. “కలిసింది బిడ్డా. ఒక తల్లి పిల్లల లెక్కున్నయి,” అన్నాడు. ఎస్తేరు అతని రంగు చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని, వెనక బల్ల మీద ఇద్దరినీ కూర్చోబెట్టి గాని ముందుకు పోలేదు. పాటలు పాడుతున్నంతసేపూ శంకరయ్య పెండ్లాం చెవిలో అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడేం చేస్తున్నరు, ఉంగరం పెట్టిన్రా, పిల్లగాడు ఎట్లున్నడు. ఆమె అన్నీ చెప్పింది. పిల్లవాడికి చెవులు జర పెద్దవని కూడా చెప్పింది.

భోజనాలయ్యాక ఎండలో నెమ్మదిగా ఇంటికి వచ్చారు. దారిలో చెప్పు జారుతోందని అతను రెండుసార్లు ఆగాడు. అరుగు మీద కాళ్లు కడుక్కోబోతుంటే నాగేంద్రమ్మ చూసింది. నల్లగా నిగనిగలాడుతున్న కొత్త తోలు చెప్పులు. అతనివి టైరు చెప్పులు.

“ఎవలివి తొడుక్కొచ్చినవయ్యా?” అంది. నవ్వు ఆగక స్తంభం పట్టుకుంది. రాయచూరు మామలవే అయి ఉంటాయి.

“గందుకేనా? ఏందో షావుకారు నడకొచ్చిందనుకున్న,” అన్నాడు శంకరయ్య. అతనూ నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. చల్లబడ్డాక పోయి మార్చుకొస్తానంది ఆమె. అతను చెంబెడు నీళ్లు తాగి, నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. రంగు మంచిగొచ్చింది కదనే అని ఇంకోసారి అడిగాడు. మంచిగొచ్చిందని ఆమె చెప్పింది.

ఆమె రాట్నం ముందు కూర్చుని కండె చుట్టసాగింది. వీధిలో మగ్గాలన్నీ ఆగి మధ్యాహ్నపు నిద్రలో ఉన్నాయి. కాసేపటికి చేటలో మిగిలిన రేకలు ఏం చేద్దామని అడిగింది. నిద్రపోయాడనుకుని ఆ కండె పూర్తిచేసింది. ఇంకో కండె కూడా చుట్టింది. చాయ్ పెట్టుకుని వచ్చి భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలిసింది. ముఖం మీద నవ్విన మనిషి అలసట తప్ప వేరే ఏమీ లేదు. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి, మంచం పట్టె మీద కూర్చుని, అతని చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. పక్కింటివాళ్లను పిలిచేముందు కొంతసేపు అట్లాగే ఉంది.

ఎస్తేరు అప్పటికే రాయచూరు వెళ్లిపోయింది. కబురు తెలిసి ఇస్రాయేలు సారు పెళ్లిబట్టలతోనే వచ్చి, అందరితోపాటు పాడె వెనక చివరిదాకా నడిచాడు.

దినాలు అయిపోయిన మరుసటి పొద్దున నాగేంద్రమ్మ కొత్త తోలు చెప్పులను గుడ్డతో తుడిచి సంచిలో పెట్టుకుని చర్చికి వెళ్లింది. అక్కడ ఎవరికైనా ఇస్తే సారు చుట్టాలకు చేరుస్తాడని. చర్చి తలుపులు మూసి ఉన్నాయి. ఆవరణ ఊడ్చి ఉంది, పెళ్లి కాగితాల తోరణం ముక్క కూడా ఎక్కడా లేదు. మెట్ల పక్కన నీడలో టైరు చెప్పుల జత ఒకటి ఉంది. మడమల దగ్గర అరిగి, బొటనవేళ్లచోట గుంతలు పడి, పలచగా దుమ్ము పట్టి. ఊడ్చేవాళ్లెవరో దాన్ని పారేయకుండా పక్కకు జరిపి, వచ్చిన మనిషి కాళ్లు పెట్టుకుని వెళ్లిపోవడానికి అనువుగా వీధివైపు తిప్పి పెట్టారు.